కౌన్సెలింగ్ గదికి వెళ్తే ఎస్ఆర్ (సర్వీసు రిజిస్టరు)‌లోకి ఎక్కుతుందా?

గోరింట
నవంబర్ 9, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ కాలేజీల వాళ్లు, యూనివర్సిటీల వాళ్లు చాలామంది ఉన్నారని అడుగుతున్నాను. మాది ఏ యూనివర్సిటీ అని మాత్రం అడగొద్దు. ఉండేది విజయవాడలో. ఎగ్జామ్స్ బ్రాంచిలో సీనియర్ అసిస్టెంటుని, 17 ఏళ్ల సర్వీసు.

ఆగస్టు నుంచి ఒంట్లో బాగుండటం లేదు. పొద్దున్నే బస్సు దిగి గేటు కనబడగానే గుండె దడ మొదలవుతుంది. మొదట గ్యాస్ అనుకున్నా. తర్వాత గుండె డాక్టరుకి చూపించుకున్నా. ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ తీసి, "ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. అది ఎలా తగ్గించుకోవాలో మాత్రం చీటీ మీద రాయలేదు. మా సెక్షన్‌లో ఒకావిడ తను వాడే నిద్రమాత్ర ఇచ్చింది. సగం వేసుకుంటే నిద్ర పడుతోంది, నెల నుంచి అదే నడుస్తోంది.

పోయిన నెల ఒక అబ్బాయి మార్క్స్ మెమోలో 68 బదులు 86 పడింది. చెక్ చేసి ఇనీషియల్ వేసింది నేనే. బయటికి వెళ్లకముందే దొరికింది, ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ రోజు నుంచి ప్రతి మెమో నాలుగుసార్లు చూస్తున్నా. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ఫలానా కట్ట మీద నంబరు వేశానా లేదా అని కూర్చుంటున్నా. "అమ్మా, నిద్రలో అంకెలు చదువుతున్నావు" అంది మా అమ్మాయి.

మా క్యాంపస్‌లో స్టూడెంట్స్ కోసం కౌన్సెలింగ్ సెల్ పెట్టారు. వారానికి మూడు రోజులు ఒక మేడం వస్తారు. స్టాఫ్ కూడా వెళ్లొచ్చని విన్నాను. కాకపోతే ఆ గది బయోమెట్రిక్ మిషన్ పక్కనే ఉంది! ఆ మేడం ఉండేది పదింటి నుంచి ఐదింటి వరకు. సాయంత్రం పని అయ్యాక వెళ్దామంటే, వేలు పెట్టడానికి యాభై మంది ఆ గది తలుపుకి ఎదురుగా నిలబడి ఉంటారు.

అక్కడికి వెళ్తే మా పైవాళ్లకి తెలుస్తుందా? ఎస్ఆర్‌లోకి ఎక్కుతుందా? సూపరింటెండెంట్ ప్రమోషన్ లిస్టులో ఉన్నాను, అందుకని భయం.


నోటిదూల
నవంబర్ 10, ఉదయం 7:15

మేడం, కోపం తెచ్చుకోవద్దు. మా నాన్న గుంటూరు మిర్చియార్డులో ఇరవై ఏళ్లు గుమస్తాగా చేశారు. కాటా తేడా వస్తే చొక్కా పట్టుకునేవాళ్లు. ఆయన ఏనాడూ ఏ కౌన్సెలింగ్‌కీ వెళ్లలేదు. యూనివర్సిటీ ఉద్యోగం, ఫ్యాను కింద కుర్చీ, దానికి కూడా ఇంత టెన్షనా?


కాలువగట్టు
నవంబర్ 10, ఉదయం 8:02

నోటిదూల గారూ, మీ నాన్నగారు సాయంత్రాలు ఎలా గడిపేవారు?


నోటిదూల
నవంబర్ 10, ఉదయం 8:20

రోజూ ఒక క్వార్టర్ వేసి పడుకునేవారు. మీరు ఎటు వస్తున్నారో అర్థమైంది. దాన్ని మా ఇంట్లో జబ్బు అనలేదు, అలవాటు అన్నాం. సరే, నేను చదువుతాను, మీరు మాట్లాడుకోండి.


కాలువగట్టు
నవంబర్ 10, మధ్యాహ్నం 1:30

గోరింట గారూ, నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, మీ ఊరే. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం మాకు వారానికి 16 గంటల పాఠం. నేను 22 చెప్తున్నాను, ఎందుకంటే పక్క పోస్టు ఖాళీ. దాని మీద న్యాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు, ముప్పై మందికి మెంటరింగ్.

అసలు కథ వినండి. 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చింది కదా. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి చనిపోయిన కేసు. 100 మంది, అంతకు పైగా విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి అన్నారు. మంచి తీర్పు, కాదనను. మాకూ సెమినార్ హాల్లో శిక్షణ పెట్టారు. కష్టంలో ఉన్న విద్యార్థిని ఎలా గుర్తుపట్టాలి అని తెర మీద ఒక్కొక్కటీ వేస్తున్నారు. నిద్ర పట్టకపోవడం, చిన్నదానికి చిరాకు, నలుగురిలోకి రాకపోవడం, చేసిన పనే మళ్లీ మళ్లీ చూసుకోవడం, ఆకలి మందగించడం. మూడోది వచ్చేసరికి మా వరసలో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలైంది. అయిదోదానికి పక్కనున్న ఫిజిక్స్ మాస్టారు చిన్నగా, "నాకు అయిదుకి అయిదు" అన్నారు. అందరం నవ్వాం. తర్వాత సమోసా, టీ ఇచ్చి, సంతకాలు పెట్టించుకుని పంపేశారు.

ఆయన నిజమే చెప్పారేమోనని నాకు రాత్రికి గాని తట్టలేదు.


మనసు మాట
నవంబర్ 10, రాత్రి 9:10

నేను క్లినికల్ సైకాలజిస్టుని, సూర్యారావుపేటలో ప్రాక్టీసు. గోరింట గారు అడిగినదానికి సూటిగా చెప్తాను.

ఎస్ఆర్‌లో నియామకం, జీతం, సెలవులు, ప్రమోషన్లు, శిక్షలు రాస్తారు. మీరు ఒక గదిలో కూర్చుని ఎవరితోనో మాట్లాడారని రాయడానికి అందులో కాలమ్ లేదు. మెడికల్ లీవ్ పెడితే ఆ సెలవు ఎక్కుతుంది, అంతే.

పైవాళ్లకి తెలుస్తుందా అన్నది వేరే సంగతి. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017లో వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. అందులో 23వ సెక్షన్ కింద మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణానికి ముప్పు, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. ఆ సెక్షన్ కట్టడి చేసేది చికిత్స చేసే ఆరోగ్య నిపుణులను. మీ సెల్‌లో కూర్చునే మేడం నిజంగా సైకాలజిస్టా, లేక అదనపు బాధ్యతగా వేసిన ఇంకో లెక్చరరా? కొన్ని కాలేజీల్లో రెండోదే చూశాను. మీ నోట్సు ఎవరి దగ్గర ఉంటాయి, నెలనెలా రిపోర్టులో పేర్లు వెళ్తాయా, అంకెలు మాత్రమేనా అని మొదటిరోజే అడగండి. అడిగితే ఏమీ అనుకోరు. అనుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఆ నిద్రమాత్ర ఏదో నాకు తెలియదు. కానీ ఆల్ప్రజోలం లాంటివి అయితే నెలల తరబడి వేసుకుంటే అలవాటు పడతాయి, ఒక్కసారిగా మానేసినా ఇబ్బందే. సొంతంగా ఆపకండి, పెంచకండి. స్ట్రిప్ తీసుకెళ్లి సైకియాట్రిస్టుకి చూపించండి. మందు రాసేది వాళ్లే, మేం కాదు. థైరాయిడ్ చూపించారా? దడకి అది కూడా కారణం కావచ్చు.


ఏడాది కాంట్రాక్టు
నవంబర్ 11, తెల్లవారుజాము 2:10

మీకు కనీసం ఎస్ఆర్ ఉంది. నేను అకడమిక్ కన్సల్టెంటుని, అంటే కాంట్రాక్టు మీద పాఠం చెప్పేవాణ్ణి, తొమ్మిదేళ్లుగా. ప్రతి ఏడాదీ రెన్యువల్. పీహెచ్‌డీ ఉంది, నెట్ పరీక్ష పాసయ్యాను, మా అమ్మ దృష్టిలో నేను ప్రొఫెసర్‌ని. సెలవుల్లో జీతం ఉండదు కాబట్టి వేసవిలో ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్తాను. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో నాకంటే నాలుగు రెట్లు తెచ్చుకుంటున్నాడు. బెంజి సర్కిల్ దగ్గర కారు ఆపి మరీ నమస్కారం పెట్టాడు. ఆ రోజంతా అన్నం తినలేకపోయాను.

డాక్టరు దగ్గరికి వెళ్లానని తెలిస్తే వచ్చే జూన్‌లో నా పేరు ఉంటుందా? ఒక్కోసారి పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. సీరియస్‌గా కాదులెండి. ఊరికే రాశాను.


నిర్వాహకులు
నవంబర్ 11, తెల్లవారుజాము 2:22

ఏడాది కాంట్రాక్టు గారూ, మెలకువగానే ఉన్నాను, మీరు రాసింది ఇప్పుడే చూశాను. ఊరికే రాశానన్నారు, అయినా అడుగుతాను. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఇంట్లో ఎవరైనా మెలకువగా ఉన్నారా? టెలీ మానస్ 14416కి ఇప్పుడే చేయండి. ప్రభుత్వానిది, డబ్బు అక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఏదైనా చేసుకుంటానేమో అని భయంగా ఉంటే 108 లేదా 112. మీకు ప్రైవేటు మెసేజి కూడా పెట్టాను. మీరు బదులిచ్చేదాకా నేను పడుకోను.


ఏడాది కాంట్రాక్టు
నవంబర్ 11, తెల్లవారుజాము 3:35

ఉన్నాను. ఫోన్ చేశాను. భాష ఎంచుకోమంది, కాసేపు పాట, తర్వాత ఒక అమ్మాయి లైన్లోకి వచ్చింది. నా స్టూడెంట్ వయసు ఉంటుందేమో. మీరు అడిగినట్టే ఆవిడా సూటిగా అడిగింది. ఆ ప్రశ్న ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. ఉంది అన్నాను. ఏడ్చాను కూడా. అమ్మని లేపమంది, లేపాను. అమ్మ పక్కనే కూర్చుంది ఇప్పుడు, పాలు కాస్తానంటోంది. రేపు మళ్లీ ఫోన్ చేస్తారట. మీరు పడుకోండి సార్.


సింగ్‌నగర్ వాసి
నవంబర్ 11, సాయంత్రం 6:45

రాత్రి జరిగింది చదివాను. తమ్ముడూ, అమ్మని లేపడం మంచి పని.

నేను లైబ్రరీలో అటెండర్‌ని, ఔట్‌సోర్సింగ్. నాకు కౌన్సెలింగులు తెలియవు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా ఇల్లు మునిగింది. పై వాటాలో మూడు రాత్రులు. కింద మా ఫ్రిజ్ నీళ్లలో తేలి గోడకి కొట్టుకునే చప్పుడు, దబ్ దబ్ మని, రాత్రంతా. ఇప్పటికీ వాన గట్టిగా పడితే ఆ చప్పుడు వినబడుతుంది. డ్యూటీలో ఉంటే చేతులు వణుకుతాయి, పుస్తకం ర్యాకులో పెట్టలేను. ఎవరికీ చెప్పలేదు. మా లైబ్రేరియన్ మేడం ఎలా కనిపెట్టారో గాని, మబ్బు పడితే చాలు, నాలుగింటికే పిలిచి "ఇంటికెళ్లి ఒకసారి చూసుకుని రా" అంటారు. ఎందుకని ఇంతవరకు అడగలేదు. నేనూ చెప్పలేదు.


బ్రాడీపేట నాలుగో లైను
నవంబర్ 12, ఉదయం 6:30

రిటైరై ఆరేళ్లయింది. హెచ్‌ఓడీగా ఉండగా నేను చేసిన పని ఒకటి చెప్పాలి, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా డిపార్టుమెంటులో ఒకాయన మార్చిలో నెల రోజులు మెడికల్ లీవ్ అడిగాడు. సర్టిఫికెట్ మీద సైకియాట్రిస్టు ముద్ర ఉంది. పరీక్షల సమయం. నేను కాగితం తిప్పి చూసి, "ఏమయ్యా, ఎర్రగడ్డ నుంచి తెచ్చావా?" అన్నాను. గదిలో ఇద్దరు స్కాలర్లు ఉన్నారు, నవ్వారు. ఆయన కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత లీవ్ అడగలేదు. రెండేళ్లకి వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు ఉదయం నడకలో ఎదురైతే నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం నాకు భరించడం కష్టంగా ఉంటుంది.

అందుకని పనికొచ్చే మాట ఒకటి. రెగ్యులర్ ఉద్యోగులకి ఏడాదికి 20 రోజుల హాఫ్ పే లీవ్ జమ అవుతుంది, డాక్టరు సర్టిఫికెట్ మీద దాన్ని కమ్యూట్ చేయించుకుంటే, అంటే మార్పించుకుంటే, పూర్తి జీతం. మనసుకి జబ్బు చేసినా అదే సెలవు. ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు కూడా పాలసీ తీసి చదవండి. ఇందాక సైకాలజిస్టు గారు చెప్పిన చట్టంలోనే 21వ సెక్షన్, శారీరక జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలంటుంది. గోరింట అమ్మా, లీవ్ పెట్టు. మెమోలు ఎక్కడికీ పోవు.


గోరింట
నవంబర్ 12, రాత్రి 10:15

మాస్టారూ, మీరు అది రాయడానికి ఎంత ఆలోచించి ఉంటారో. థాంక్సండీ. కానీ సెమిస్టర్ రిజల్ట్స్ ముందు లీవ్ పెడితే నా సీటు పని ఎవరి నెత్తిన పడుతుందో నాకు తెలుసు. ఆ నిద్రమాత్ర ఇచ్చినావిడ నెత్తిన.


గోరింట
నవంబర్ 21, రాత్రి 9:50

ఒక వార్త. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. మా యూనియన్ వాళ్లు స్టాఫ్‌కి కూడా కౌన్సెలింగ్ కావాలని నోటిమాటగా అడిగారట. వెంటనే పైనుంచి సర్క్యులర్ వచ్చింది. "కౌన్సెలింగ్ అవసరమున్న బోధన, బోధనేతర సిబ్బంది జాబితాను ఈ కింది ప్రొఫార్మాలో శాఖాధిపతి ద్వారా శనివారం సాయంత్రం లోగా పంపవలెను." కాలమ్స్: వరుస సంఖ్య, పేరు, హోదా, సమస్య స్వభావం, రిమార్కులు. ఎవరూ లేకపోతే "నిల్" రిపోర్టు పంపాలట.

మా సెక్షన్ నుంచి నిల్ వెళ్లింది. టైపు చేసింది నేనే.


కాలువగట్టు
నవంబర్ 21, రాత్రి 10:05

"సమస్య స్వభావం: పై ప్రొఫార్మా." ఇలా పంపి ఉండాల్సింది.


నోటిదూల
నవంబర్ 21, రాత్రి 10:30

నాకే ఒళ్లు మండింది మేడం. రిమార్కుల్లో ఏం రాయాలట? "చూడ్డానికి బాగానే ఉన్నాడు" అనా?


మనసు మాట
నవంబర్ 22, ఉదయం 8:40

దీన్ని నవ్వి వదిలేయొద్దు. మంచి ఉద్దేశంతోనే చేసి ఉండొచ్చు, కానీ మనిషి అడగకుండా పేరు, సమస్య రాసి పై అధికారి చేత పంపించడం సాయం కాదు. యూనియన్ వాళ్లు ఈసారి కాగితం మీద రాసివ్వాలి, నోటిమాట కాదు. ఏం అడగాలంటే, క్యాంపస్ బయట ఒకరిద్దరు నిపుణులతో ఒప్పందం, ఉద్యోగి తానే నేరుగా వెళ్లేలా. యూనివర్సిటీకి బిల్లులో ఎన్ని సిట్టింగులు అన్నది తప్ప పేర్లు వెళ్లకూడదు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకీ వర్తించాలి, లేకపోతే అసలు అవసరమున్నవాళ్లే బయట ఉండిపోతారు. ముసాయిదా కావాలంటే నేను రాసిస్తాను, ఫీజు వద్దు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. 22 గంటలు పాఠం చెప్పే మనిషిని నా దగ్గరికి పంపితే 22ని 16 చేసే శక్తి నాకు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ని వ్యాధి అనలేదు, పనికి సంబంధించిన పరిస్థితి అంది. ఖాళీ పోస్టు నింపడం నా చేతిలో లేదు.


కాలువగట్టు
నవంబర్ 22, ఉదయం 9:00

ఆ మాట మా రిజిస్ట్రార్ ఆఫీసు గోడకి అంటించాలి.


గోరింట
డిసెంబర్ 7, సాయంత్రం 4:20

చాలా రోజులైంది. యూనియన్ కాగితం ఇచ్చింది, మనసు మాట గారి ముసాయిదానే దాదాపు. జవాబు రాలేదు. ప్రొఫార్మా సర్క్యులర్‌ని రద్దు చేయలేదు, కానీ ఎవరూ దాని ఊసెత్తడం లేదు. బయోమెట్రిక్ మిషన్ మాత్రం మెట్ల పక్కకి మార్చారు. మా లెటర్ వల్లనా అంటే కాదు, అక్కడ గోడ చెమ్మెక్కి మిషన్ పాడవుతోందని.

నేను క్యాంపస్ గదికి వెళ్లలేదు. మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీకి వెళ్లాను, మా ఆయన తోడొచ్చారు. చీటీకి పది రూపాయలు. బెంచీ మీద కూర్చుని తల ఎత్తితే ఎదురుగా మా అకౌంట్స్ సెక్షన్ ఆయన! ఇద్దరం ఒక నిమిషం గోడ మీద పోస్టర్ చదివాం. తర్వాత ఆయనే లేచి వెళ్లి, మూడు టీలు పట్టుకొచ్చి మాకు రెండు ఇచ్చారు. ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. ఆఫీసులో ఇప్పుడు బిల్లు పట్టుకెళ్తే, "కూర్చోండి మేడం" అంటున్నారు, పదేళ్లలో మొదటిసారి.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. థైరాయిడ్ రాయించింది, అది మామూలుగానే ఉంది. నిద్రమాత్ర కొద్దికొద్దిగా తగ్గించే పద్ధతి రాసిచ్చింది. ఇంకో మందు ఇచ్చి, పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఈలోపు పని చేయట్లేదని మానేయొద్దు అంది. మొదటి వారం కడుపులో తిప్పింది. మెమో ఒకసారే చూడమంది, రెండోసారి చూడాలనిపిస్తే పది నిమిషాలు ఆగమంది. నేను రెండుసార్లు చూస్తున్నాను. నాలుగు నుంచి రెండుకి వచ్చాను కదా.


ఏడాది కాంట్రాక్టు
డిసెంబర్ 7, రాత్రి 8:05

అక్కా, 14416 వాళ్లు నన్ను కూడా ఆసుపత్రికి వెళ్లి చూపించుకోమన్నారు. రెండుసార్లు మంగళగిరి దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాను. ఎవరైనా స్టూడెంట్ కనబడితే ఏం చెప్పాలి?


గోరింట
డిసెంబర్ 7, రాత్రి 8:20

అమ్మకి చూపించడానికి వచ్చానని చెప్పు తమ్ముడూ. లేదా ఏమీ చెప్పకు. నాకు రేపు రివ్యూ ఉంది, సీఎల్ పెట్టాను. ఎనిమిదింటికి ఓపీ కౌంటర్ దగ్గర ఉంటాను. చేతిలో పచ్చ రంగు క్యారేజీ సంచి ఉంటుంది.


ఏడాది కాంట్రాక్టు
డిసెంబర్ 7, రాత్రి 8:41

ఆధార్ కావాలా?


గోరింట
డిసెంబర్ 7, రాత్రి 8:43

తెచ్చుకో, నన్ను అడిగారు. టిఫిన్ చేసి రా, అక్కడ లేటవుతుంది.